అబ్బ కారుకు ఆరుగురి ఇన్సూరెన్స్

మా అబ్బ పేరు సిద్ధయ్య. అబ్బ అంటే మా రాజంపేట పక్క తాత అని. ఈయన మా అమ్మకు నాయన. కువైట్‌కు వచ్చి ముప్పై ఏళ్లు దాటింది. తనకు అరబ్బీ బాగా వచ్చని అబ్బ అంటాడు. ఆయన అరబ్బీ మాట్లాడితే అరబ్బులు ఎంతో మర్యాదగా విని, తమకు తెలుగు రాదని చెప్తారు.

మనిషి సన్నగా, పొడుగ్గా, మునక్కాయ మాదిరి ఉంటాడు. పదిహేను రోజులకోసారి మీసానికి రంగేస్తాడు, తలకు వెయ్యడు. ఎందుకబ్బా అంటే, "తలకాయ అనుభవం మే, మీసం పౌరుషం" అంటాడు. మా పక్క ఆడపిల్లను "మే" అని పిలుస్తారు. అబూ హలీఫాలో మా గది తలుపు తీస్తే ముందు కొత్తిమీర వాసన లోపలికి వస్తుంది, ఆ వెనక అబ్బ వస్తాడు.

ఆయన పని ఆకుకూరలు. తెల్లారుజామున లేచి గంట దూరంలో ఉన్న వఫ్రా తోటలకు పోతాడు. అక్కడ పనిచేసేవాళ్లలో మా కడప, రాజంపేట వాళ్లు చాలామంది. గోంగూర, చుక్కకూర, మెంతికూర, కరివేపాకు డిక్కీలో నింపుకొని వచ్చి, అబూ హలీఫాలో మనవాళ్లు ఉండే బిల్డింగులన్నీ తిరిగి అమ్ముతాడు. పొయ్యేటప్పుడు కూడా డిక్కీ ఖాళీగా పోదు. తోటలో ఒకరికి బీపీ మాత్రలు, ఒకరికి చెప్పులు, ఒకరికి ఊరి నుంచి వచ్చిన కారప్పొడి. వఫ్రాకు బస్సులు తక్కువ, అందుకని అబ్బే వాళ్ల బస్సు, వాళ్ల పోస్టాఫీసు, వాళ్ల మందుల షాపు. ఒకసారి ఎవరికో పళ్ల సెట్టు కూడా మోసుకుపోయినాడు. దారిలో ఎన్నిసార్లు వెనక్కి తిరిగి చూసుకున్నాడో, అది తన్ను చూసి నవ్వుతాందంట.

కారు నా కంటే రెండేళ్లు పెద్దది. పొడుగాటి పాత షెవర్లే. ఏసీ వేస్తే ఇంజను అలుగుతుంది, ఇంజను బాగుంటే ఏసీ అలుగుతుంది. అబ్బ దివాళా తీసినప్పుడు దుకాణం పోయింది, రెండు వ్యాన్లు పోయినాయి, కూరలు పెట్టే పెద్ద ఫ్రిజ్జు గది పోయింది. ఈ కారు మాత్రం మిగిలింది. కోర్టువాళ్లు దయతలిచి వదిలేసినారని అబ్బ చెప్తాడు. వాళ్లు దాన్ని చూసి భయపడినారని నేను చెప్తాను.

దివాళా అని నవ్వుతా రాస్తున్నా గానీ, అప్పుడు ఎవరికీ నవ్వు రాలేదు. పదకొండేళ్లు నడిచిన దుకాణం. ఇంకో దుకాణం పెడదామని అప్పు తెచ్చినాడు. ఆగస్టులో మూడు రోజులు ఫ్రిజ్జు గది చెడిపోయింది, సరుకంతా కుళ్లింది. ఆ తర్వాత ఒకటి కట్టబోతే ఒకటి తెగింది. అన్నిటికంటే అబ్బను కుంగదీసింది బ్యాంకు అప్పు కాదు. వఫ్రా తోటల్లోని పిల్లోళ్లు కొందరు జీతం డబ్బు ఆయన దగ్గర దాచుకునేవాళ్లు, ఊరికి పంపేదాకా. అదీ పోయింది. పెంచల్ అనే అబ్బాయివి రెండు వందల దినార్లు పోయినాయి. పెంచల్ ఒక్క మాట అనలేదు. మర్నాడు కూడా మామూలుగా గోంగూర కోసి కట్టలు కట్టి ఇచ్చినాడు. తిట్టి ఉంటే అబ్బకు నిద్ర పట్టేది.

నేను తొమ్మిదో తరగతిలో బడి మానేసింది తన దివాళా వల్లనే అని అబ్బ అనుకుంటాడు. లెక్కల వల్ల అని నాకు తెలుసు. కానీ ఆయన ఆ బాధలో ఉన్నప్పుడల్లా నాకు షవర్మా కొనిపెడతాడు కాబట్టి నేను ఇంతవరకు దిద్దలేదు.

అప్పట్నుంచి ఆయన ఎవరి దగ్గరా ఒక్క దినారు అప్పు ముట్టుకోడు. అమ్మ బడిలో ఆయా పని చేస్తుంది. ఆమె ఇస్తానన్నా తీసుకోడు. కోర్టు చెప్పిన బాకీ నెలనెలా కట్టి, మిగిలినదాంతో పెట్రోలు పోసుకుంటాడు. ఇంత చేసినా ఒక చోట గోడ తగిలింది. కారు దఫ్తర్, అంటే రిజిస్ట్రేషన్ కార్డు, ఏడాదికోసారి మార్చుకోవాలి. దానికి ముందు ఇన్సూరెన్స్ కట్టాలి. నలభై రెండు దినార్లు, ఒక్కసారిగా.

అర్దియాలో శుక్రవారం కూడా తెరిచే ఒక చిన్న ఇన్సూరెన్స్ ఆఫీసు ఉంది. అక్కడ కూర్చునే ఆయన మనవాడే, గోదావరి పక్క మనిషి, కుక్కుటేశ్వరరావు గారు. గడువు అక్టోబరులోనే అయినా, ముందే అడిగి పెట్టుకుందామని ఏప్రిల్‌లో అబ్బ నన్ను వెంటబెట్టుకొని పోయినాడు, కంప్యూటర్ సంగతి నాకు తెలుస్తుందని. నాకు తెలిసిన కంప్యూటర్ ఫోనే.

"సార్, నెలకు ఏడు దినార్ల లెక్కన కట్టుకుంటా. ఆరు నెలల్లో తీరిపోతాది," అన్నాడు అబ్బ.

కుక్కుటేశ్వరరావు గారు అబ్బ సివిల్ ఐడీ నంబరు కొట్టి, తెర వైపు చూసి, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"వాయిదాలు మంచి రికార్డున్నోళ్లకేనండి. మీ పేరు కొడితే ఇదంతా ఎర్రగా వస్తుందండి బాబూ. నా చేతిలో ఏం లేదండి. మొత్తం కట్టేస్తానంటే ఆ క్షణమే రాసేస్తాను."

"మొత్తం ఉంటే వాయిదాలు ఎందుకడుగుతా సార్?"

"ఆయ్, నిజమేనండి," అని ఆయన ఒప్పుకున్నారు. మంచి మనిషి. టీ తెప్పించి ఇచ్చినారు. టీకి వాయిదాలు అడగలేదు.

తిరిగి వచ్చేటప్పుడు ఫహాహీల్ రోడ్డు ఎక్కినాక అబ్బ ఉన్నట్టుండి స్టీరింగు మీద గుద్ది, "కంపెనీ వాయిదాలు ఇయ్యకపోతే పాయె. మనమే చీటీ ఏసుకుందాం మే!" అన్నాడు. హారన్ కూడా మోగింది. ముందు కారాయన కిటికీ దించి ఏదో అన్నాడు. అబ్బ ఆయనకు చెయ్యెత్తి దండం పెట్టినాడు.

మా కడప వాళ్లకు ఏ కష్టం వచ్చినా చీటీయే గుర్తొస్తుంది. పెళ్లికి చీటీ, బోరుకు చీటీ, కువైట్ వీసాకు చీటీ. కార్ ఇన్సూరెన్స్‌కు చీటీ మాత్రం మా అబ్బతోనే మొదలనుకుంటా. కార్లున్న ఆరుగురు: అబ్బ, పెంచల్, ఇంకో నలుగురు. నెలకు తలా ఏడు దినార్లు. జూన్ నుంచి నవంబరు దాకా. పాట లేదు, పాటలో వదులుకునే తోపు లేదు. ఎవరి దఫ్తర్ ముందు చస్తుందో వాళ్లకు ఆ నెల డబ్బు.

డబ్బు ఎవరి దగ్గర పెట్టాలన్నప్పుడు అబ్బే ముందు చెప్పినాడు, షరీఫా బీ దగ్గర అని. ఆమెది రాయచోటి. అర్దియాలో ఒకే ఇంట్లో ఇరవై రెండేళ్లుగా వంట చేస్తుంది. ఆమెకు కారు లేదు, నడపడం రాదు, ఆరుగురిలో ఎవరన్నా ఆమెకు మొహమాటమూ లేదు. పాలపొడి డబ్బాలో డబ్బు పెట్టి, నెలనెలా శుక్రవారం సెలవు రోజున తానే పోయి కుక్కుటేశ్వరరావు గారి ముందు లెక్కపెట్టి ఇచ్చేది.

తేదీల పట్టిక రాసింది నేను. అయిదుగురు దఫ్తర్ ఫోటో పంపినారు. పెంచల్ దఫ్తర్ వాళ్ల కఫీల్ బీరువాలో ఉంది. కఫీల్ అంటే వీసా ఇచ్చిన యజమాని. "నా ఇఖామా నవంబరు ఇరవై. కఫీల్ అన్నీ ఒకే రోజు చేయిస్తాడు, దఫ్తరూ అదే ఉంటాది. రాసెయ్ సుధా," అన్నాడు ఫోన్‌లో. ఇఖామా అంటే ఇక్కడ ఉండేదానికి ఇచ్చే పర్మిట్. నేను రాసేసినా. అబ్బది అక్టోబరు పద్దెనిమిది, పెంచల్‌ది నవంబరు ఇరవై. పట్టిక చూడముచ్చటగా వచ్చింది. రెండు రంగుల పెన్నులు వాడినాను.

నాలుగు నెలలు చీటీ గడియారం మాదిరి నడిచింది. అయిదో నెల అబ్బది. పద్దెనిమిదో తేదీకి ఇంకా ఎనిమిది రోజులుందనగా పెంచల్ ఫోన్ చేసినాడు. నేనే ఎత్తినా.

"సుధా, కఫీల్ బీరువా తీసినాడు. నా దఫ్తర్ అక్టోబరు ఇరవై ఒకటి అంట. ఇప్పుడెట్ల?"

డబ్బాలో ఉన్నది ఒక కారు డబ్బు. మూడు రోజుల తేడాలో రెండు కార్లు. మిగతా నలుగురూ ఆ నెల ఇవ్వాల్సింది ఇచ్చేసినారు. మళ్లీ అడిగితే ఎవరి దగ్గరుంటాది?

అబ్బకు చెప్పినాను. తప్పు నాదేనని కూడా చెప్పినాను, అంత గట్టిగా కాదు గానీ చెప్పినాను.

"నీదేం ల్యా," అన్నాడు. "బీరువా తాళం నీ దగ్గరుంటాదా ఏంది?" అని షవర్మా తెచ్చినాడు. నాకు దిగలేదు. సగం తిన్నా.

శుక్రవారం అర్దియా ఆఫీసుకు అందరం పోయినాం. షరీఫా బీ నల్ల అబాయా కింద నుంచి డబ్బా తీసి బల్ల మీద పెట్టింది.

"పట్టికలో రాసింది రాసినట్టే. ఈ నెల సిద్ధన్నది," అంది.

పెంచల్ గోడకు ఆనుకొని నిలబడినాడు. "ఔనత్తా, పెద్దనాయనదే. నాది నేను చూసుకుంటా," అన్నాడు. ఏం చూసుకుంటాడో ఆయనకూ తెలియదు. తోటలో ఎవరికి కడుపునొప్పి వచ్చినా, పాము కరిచినా ఆస్పత్రికి పోవాల్సింది పెంచల్ కారులోనే. అబ్బ పగలు ఒక పూట పోతాడు. పెంచల్ అక్కడే ఉంటాడు.

అబ్బ మీసం సవరించుకొని, "సార్, పెంచల్ పేరు రాయండి," అన్నాడు.

"ఏం మాట్లాడతాండావు సిద్ధన్నా?" షరీఫా బీ డబ్బా మీద చెయ్యి పెట్టింది. "కారు లేకపోతే నువ్వు తినేదేంది, గోంగూర కాడలా?"

"నెల రోజులేగా అక్కా. నవంబరుది నేను తీసుకుంటా. వానివి నా దగ్గర రెండు వందలు పోయినాయి. ఇంకా వాని కారు కూడా నా వల్లే ఆగితే నేను వఫ్రా మొకం చూడలేను."

"మరి మీ కారు సంగతేంటండీ?" అన్నారు కుక్కుటేశ్వరరావు గారు.

"ముసల్ది సార్. రెస్టు కావాలంటాంది."

షరీఫా బీ చెయ్యి తీసింది. నేను బయటికొచ్చి, ఎండలో నిలబడి, ఆ చూడముచ్చటైన పట్టికను నాలుగు ముక్కలు చేసినా.

పద్దెనిమిదో తేదీ నుంచి కారు మా బిల్డింగు వెనక ఇసుక మైదానంలో నిలబడింది. ఇన్సూరెన్స్ లేకుండా అబ్బ దాన్ని అంగుళం కూడా కదపడు. పెంచల్ రోజు మార్చి రోజు తెల్లారక ముందే వచ్చి ఆకుకూరల మూటలు దించిపోయేవాడు. వాటిని బిల్డింగులకు చేర్చేదెట్లా? పై అంతస్తులో ఒక కేరళ నర్సు తన బిడ్డ పెద్దయిందని పిల్లలబండిని బయట పెట్టింది. అబ్బ దాన్ని తెచ్చుకున్నాడు. గులాబీ రంగు. పైన గొడుగు మాదిరి మూత, దానికి వేలాడే రెండు కుందేళ్లు.

మా అబ్బ, ఆ మీసంతో, ఆ కుందేళ్ల బండిని తోసుకుంటా అబూ హలీఫా వీధుల్లో పోవడం మీరు చూసి ఉండాల్సింది. ఒక ఈజిప్టు ముసలామె ఆపి, వంగి, "మాషా అల్లా" అంటా మూత ఎత్తింది. లోపల చుక్కకూర. ఆమె కాసేపు చూసి, రెండు కట్టలు కొనుక్కుంది.

"బిడ్డ ఎవరి పోలిక అబ్బా?" అన్నా నేను.

"మీ అవ్వ పోలికే. పులుపు," అన్నాడు.

నవ్వినాడు గానీ, సాయంత్రానికి కాళ్లు వాచేవి. మూడు వీధులకు మించి పోలేకపోయేవాడు. సగం కూర వాడిపోయేది. ఇరవై బిల్డింగుల బేరం ఆరుకు పడింది. వఫ్రా వాళ్లు మాత్రల కోసం ఫోన్ చేసేవాళ్లు. పదో రోజు పొద్దున కారు అద్దం మీద నారింజ రంగు కాగితం కనబడింది. బలదియా వాళ్లు, అంటే మునిసిపాలిటీ వాళ్లు, అంటించి పోయినారు. మూడు రోజుల్లో తియ్యకపోతే ఎత్తుకుపోతారు. ఎత్తుకుపోతే విడిపించడానికి అయ్యే డబ్బుతో అట్లాంటి కార్లు రెండు కొనొచ్చు.

చీటీలో ఇంకో మనిషి లాల్ బాషా ఫోన్ చేసి, "మామూ, చీకటిపడినాక మా గ్యారేజీకి తోలుకొచ్చి దాచెయ్," అన్నాడు.

"ఇన్సూరెన్స్ లేకుండా తోలితే, దారిలో ఎవరికన్నా తగిలితే? ఒకసారి పదిమంది కొంప ముంచినా, చాల్లే," అని అబ్బ ఫోన్ పెట్టేసినాడు.

రెండో రోజు సాయంత్రం నేనూ అబ్బా కారు పక్కన నిలబడి దాన్ని చూస్తున్నాం, ఊరికి పొయ్యే మనిషిని చూసినట్టు. పిల్లలబండి మా మధ్య ఉంది. అప్పుడు వెనక నుంచి వినబడింది.

"ఏవండీ సిద్ధయ్య గారూ! పన్నెండు రోజుల్నించి మా ఆవిడ నన్ను గోంగూర గోంగూర అని తినేస్తోందండి. ఏమైపోయారు?"

కుక్కుటేశ్వరరావు గారు. ఇల్లు మాకు నాలుగు వీధుల అవతల. అబ్బ బండి మూత ఎత్తి ఒక కట్ట ఇచ్చినాడు. ఆయన కుందేళ్లను చూసినారు, కారును చూసినారు, నారింజ కాగితం దగ్గరికి పోయి అరబ్బీలో ఉన్నదంతా చదివినారు.

"రేపటితో సరండి ఇది," అన్నారు.

"తెలుసు సార్."

ఆయన గోంగూర కట్టతో తొడ మీద కొట్టుకుంటా కాసేపు ఆలోచించినారు. "నా కారుదీ నవంబరు ఇరవై అయిదేనండి. ఇన్సూరెన్స్ ఆఫీసులో పనిచేస్తాను కదా అని మా కంపెనీ నాకేమైనా వాయిదాలిస్తుందా? ఇవ్వదండి. అందుకని నలభై రెండూ తీసి పక్కన పెట్టుకున్నాను. అది మీ కారుకి కట్టేస్తాను."

"వద్దు సార్. అప్పు ముట్టుకోను," అన్నాడు అబ్బ, మాట పూర్తి కాకముందే.

"అప్పని ఎవరన్నారండీ? చీటీలో నెల మార్చుకుందామంటున్నాను. ఈ నెల మీరు తీసుకోండి. నవంబరు డబ్బా నాకివ్వండి. పై చీటీలో నేనూ చేరతాను. వాయిదాలంటే నాకు మాత్రం చేదా?"

అబ్బ నా వైపు చూసినాడు. చీటీలో నెల మార్చుకోవడం మా ఊర్లో అప్పు కిందికి రాదు. మా అవ్వ చెవి కమ్మలు అట్లా మార్చుకున్న చీటీతోనే కొన్నారంట. "అప్పు కాదబ్బా, మార్పిడి," అన్నా నేను, పెద్ద లాయరు మాదిరి. ఆయన ఇంకా ఊగిసలాడుతుంటే నేనే షరీఫా బీకి ఫోన్ కలిపి స్పీకర్ పెట్టినా.

అంతా విని ఆమె అడిగిన మొదటి ప్రశ్న ఇది: "ఆ సారుకు జామీను ఎవరు?"

కుక్కుటేశ్వరరావు గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. ముందే డబ్బు కట్టే మనిషికి జామీను ఎందుకో నాకూ అర్థం కాలేదు. షరీఫా బీ దగ్గర రూలంటే రూలే. కొత్తగా చేరే మనిషికి లోపలి మనిషి ఒకరు పూచీ పడాలి.

"నేను... ఇన్సూరెన్స్ ఆఫీసరునండి," అన్నారాయన నెమ్మదిగా.

"అయితే ఏంది? నువ్వు నాకు తెలుసునా?" అంది ఫోన్. "ప్రతి నెలా చూస్తాను, మొకం తెలుసు. మొకం మీద డబ్బా ఇయ్యను."

అబ్బ గొంతు సవరించుకున్నాడు. ఆయన పేరు కొడితే కంప్యూటర్ ఎర్రగా అవుతుందని మా ముగ్గురికీ తెలుసు, ఫోన్‌లో ఉన్న ఆమెకు అందరికంటే బాగా తెలుసు. అయినా అన్నాడు, చాలా చిన్నగా:

"నేనుంటా అక్కా. సారుకు నేను జామీను."

ఫోన్‌లో గిన్నె ఏదో దించిన చప్పుడు. కుళాయి ఆగిన చప్పుడు.

"సిద్ధన్న ఉంటే ఖలాస్," అంది షరీఫా బీ. "పొద్దున్నే కాగితం రాయించుకో, యల్లా. నాకు అవతల పొయ్యి మీద అన్నం ఉంది."

కుక్కుటేశ్వరరావు గారు అబ్బ చెయ్యి పట్టుకొని ఊపి, "చాలా థాంక్సండి, జామీను ఉన్నందుకు," అన్నారు. వెటకారం లేదు. అబ్బ వెంటనే అటు తిరిగి కారు అద్దం మీది కాగితాన్ని గోటితో గీకడం మొదలుపెట్టినాడు. చాలాసేపు గీకినాడు. అది అంత గట్టిగా అంటుకుని ఉండదని నాకు తెలుసు. గమ్మున ఉన్నా. ఎప్పుడూ ఉండను, ఆ రోజు ఉన్నా.

మర్నాడు పది గంటలకు ఇన్సూరెన్స్ కాగితం వచ్చింది, మధ్యాహ్నానికి దఫ్తర్ వచ్చింది. ఆ మర్నాడు తెల్లారుజామున అబ్బ నన్ను కూడా లేపి వఫ్రా తీసుకుపోయినాడు. దారంతా లారీలు కూడా మమ్మల్ని దాటుకుని పోయినాయి. అంత నెమ్మదిగా ఏందబ్బా అంటే, "కొత్త ఇన్సూరెన్స్ మే, అలవాటు పడనీ," అన్నాడు.

తోట దగ్గర పెంచల్ మూటలు సిద్ధం చేసి ఉంచినాడు. మమ్మల్ని చూడగానే పరిగెత్తుకుంటా వచ్చి, డిక్కీ తెరిచి గబగబా నింపేసినాడు. గోంగూర, మెంతి, కరివేపాకు, అడగని టమాటాలు ఒక పెట్టె, పైన సొరకాయలు. డిక్కీ మూత పడలేదు.

"తూకం ఏది?" అన్నాడు అబ్బ.

"తూకం ఎందుకులే పెద్దనాయనా. పో నువ్వు."

"దించు."

"పెద్దనాయనా..."

"దించరా. తూకం లేకుండా ఎత్తుకుపోయేదానికి నేనేమన్నా బలదియానా?"

పెంచల్ మొత్తం దించినాడు. పాత ఇనప తక్కెడ తెచ్చి, కట్ట కట్టా తూచి, ఒక్కొక్కటి పైకి చెప్తా మళ్లీ నింపినాడు. అబ్బ చిన్న పుస్తకంలో రాసుకున్నాడు. గంట పట్టింది. ఎండ ఎక్కింది. సొరకాయల దగ్గర ఇద్దరూ పావు కేజీ కోసం పోట్లాడుకున్నారు. అబ్బ ఎక్కువ రాయాలంటాడు, పెంచల్ తక్కువ రాయాలంటాడు. ఎవరూ గెలవలేదు. చివరికి ఆ సొరకాయ నా ఒళ్లో పెట్టి, "దీన్ని నువ్వు తినుపో," అన్నారు ఇద్దరూ ఒకేసారి.